గొట్టానికి పదిన్నర, తూకానికి ఏడున్నర

కొత్త గాజు గొట్టాలు వచ్చిన రోజు మెకానిక్ షెడ్డులో అందరికంటే ఎక్కువ సంబరపడింది అక్కే. పెట్టె విప్పి, చుట్టిన కాగితాలు తీసి, నాలుగింటినీ ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూసి, ఎక్కడా పగులు లేదని తేల్చుకున్నాక గాని టీ గ్లాసు ముట్టుకోలేదు. పాత గొట్టాలు పగిలిన దగ్గర్నుంచీ ఆమె పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు.

ఆ షెడ్డులో ఆమె పని ఇంజెక్టర్లు కొలవడం. ఇంజెక్టరంటే వేలెడంత ఉంటుంది. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే పని దానిది. ఏది ఎంత చిమ్ముతుందో తెలియకుండా ఇంజనుకు తగిలిస్తే ఆ బండి గతి అధోగతే. అందుకని నాలుగింటినీ బెంచి మీద వరసగా బిగించి మీట నొక్కుతుంది. పెట్రోలంత తేలికైన నూనె ఒకటి నిమిషంపాటు కింది గాజు గొట్టాల్లోకి పడుతుంది. ఏ గీత దాకా వచ్చిందో చూస్తే ఎన్ని సీసీలో తెలిసిపోతుంది. అక్కడితో అయిపోతే ఇబ్బందే లేదు. కాని ఇంజను కంప్యూటరుకు ఈ సంగతి ఎక్కించే లాప్‌టాప్ ఉంది చూశారూ, అది ఏ దేశం నుంచి దిగిందోగాని, దానికి సీసీలు ఎక్కవు. గంటకు ఎన్ని పౌండ్లో చెప్పమని కూర్చుంటుంది. కాబట్టి గొట్టంలో చూసిన సీసీలను పదిన్నరతో భాగించి పౌండ్లు చెయ్యాలి.

గొట్టాలు పగిలి కొత్తవి వచ్చేదాకా ఆమె ఆ నూనెను స్టీలు గ్లాసుల్లో పట్టి కాటా మీద తూచింది. తూస్తే వచ్చేవి గ్రాములు. గ్రాములనైతే ఏడున్నరతో భాగించాలి. నూనె నీళ్ళంత బరువుండదు, అదీ తేడా. గ్లాసు బరువు తీసెయ్యి, గాలికి కాటా ముల్లు ఊగకుండా చెయ్యి అడ్డం పెట్టు, ఏడున్నరతో భాగించు. ఇదే తంతు పొద్దస్తమానం. షెడ్డుకు వచ్చేపోయే వాళ్ళంతా ఆమెకు తూకాలక్క అని పేరు కూడా పెట్టేశారు.

"ఇంక ఈ కాటా గొడవ వదిలింది," అని కాటాను గుడ్డతో కప్పి పక్కకు జరిపింది అక్క. "మళ్ళీ నా గొట్టాలు నాకొచ్చాయి."

ఆ రోజు బెంచికెక్కినవి నీళ్ళాయన వ్యానువి. నీళ్ళ క్యాన్లు ఇంటింటికీ వేసే ఆసామి. పాత ఇంజెక్టర్లు అరిగిపోతే, ఇంకో బండివి, వాడినవే గాని గట్టివి, సంపాదించుకొచ్చాడు. అక్క మీట నొక్కింది. నాలుగు గొట్టాల్లోనూ నూనె సమంగా లేచి, సమంగా ఆగింది. రెండు వందల డెబ్బై. నాలుగూ ఒక్క గీత మీద నిలబడేసరికి ఆమెకు ముచ్చటేసింది. అలా ఒకే లెక్కన చిమ్మే సెట్టు దొరకడం అరుదు.

"ముప్పై ఆరూ!" అని కేకేసింది.

"ముప్పై ఆరూ!" అని అవతలి మూల నుంచి, షెడ్డు నడిపే ఆమె అన్నయ్య తిరిగి కేకేసి, లాప్‌టాప్‌లో నొక్కాడు.

ఆ షెడ్డులో అంకెలు కాగితం మీద పెట్టే అలవాటు లేదు. కంప్రెసరు మోతలో, ఇంజన్ల రొదలో కేక తప్ప ఇంకేదీ పనిచెయ్యదు. వాళ్ళ నాన్న నడిపిన రోజుల నుంచీ అంతే. బెంచి దగ్గర నుంచి కేక వస్తే అదే ఖరారు. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు కూడా ఇంజెక్టర్లు ఇక్కడే కొలిపించుకుని, ఆమె అరిచిన అంకెను నోట్లో వల్లె వేసుకుంటూ వెళ్ళిపోతారు. అరిచిన అంకెను వెనక్కి తీసుకోవడమన్నది ఎవరూ ఎరగరు.

వ్యాను దగ్గర వంగి ఉన్నది ఆమె భర్త. ఆ షెడ్డుకు ఫిట్టరు. అన్నయ్య అతన్ని బావా అంటాడు, అతనూ అన్నయ్యను బావా అనే అంటాడు. దాంతో బయటినుంచి ఎవరైనా సరదాకు "బావా" అని పిలిస్తే రెండు తలలూ ఒకేసారి లేస్తాయి. ఫిట్టరు మాటల మనిషి కాదు. ఇంజెక్టర్లు కూర్చోబెట్టి, వైర్లు తగిలించి, ఇంజనుకు గాలి తెచ్చే లావుపాటి పైపును దాని మూతికి ఎక్కించి, చుట్టూ రేకు పట్టీ లాంటి క్లాంపు వేసి, స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. తిప్పాడనే అనుకోవాలి. ఎవరూ చూడలేదు, చూడవలసిన పనీ లేదు. కొన్ని వందల క్లాంపులు బిగించిన చెయ్యి అది.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. నీళ్ళాయన పొంగిపోయి, అందరికీ టీలు చెప్పి మరీ వెళ్ళాడు.

రెండు రోజులకే తిరిగొచ్చింది వ్యాను, తాడు కట్టుకుని. క్యాన్ల లోడుతో ఎత్తు ఎక్కుతుంటే పెద్ద చప్పుడుతో పేలి ఆగిపోయిందట. లాక్కొచ్చిన లారీ డ్రైవరు తాడు విప్పుకుంటుండగానే నీళ్ళాయన మొదలుపెట్టాడు. క్యాన్లన్నీ రోడ్డుపాలయ్యాయనీ, ఆఫీసుల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారనీ, తన పరువు గంగలో కలిసిందనీ. అన్నయ్య బానెట్ ఎత్తాడు.

గాలి పైపు ఊడి వేలాడుతోంది. క్లాంపు దాని మెడలో వదులుగా, చేతికి అటూ ఇటూ తిరుగుతోంది.

ఇంజను విప్పితే ఒక పిస్టన్ తలకు బొక్క. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే లోపల వేడి పట్టలేక జరిగే పని అది. పైపు ఊడితే గాలి ఎక్కువవుతుంది. ఇంక చెప్పడానికేముంది? అన్నయ్య ఆ పిస్టన్‌ను గుడ్డలో పట్టుకుని, ఊడిన పైపు వంకా, ఫిట్టరు వంకా మార్చి మార్చి చూశాడు.

"బావా, క్లాంపు బిగించావా?"

ఫిట్టరు క్లాంపును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "బిగించాననే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంటయ్యా?" నీళ్ళాయన అందుకున్నాడు. "బిగించావా, బిగించలేదా?"

"బిగించకుండా ఎప్పుడూ వదల్లేదు."

"మొన్న సంగతి చెప్పు!"

ఫిట్టరు కుడిచెయ్యి తనంతట తనే మణికట్టు దగ్గర రెండు మెలికలు తిరిగింది. స్క్రూడ్రైవర్ లేని చెయ్యి, ఉత్త గాలిని బిగించింది. మొన్న ఇలా తిప్పిందీ లేనిదీ ఆ చేతినే అడిగి తెలుసుకుందామన్నట్టు చూసుకున్నాడు. చివరికి, "గుర్తులేదు," అన్నాడు.

అబద్ధమాడటం రాని మనిషి. బిగించానని ఒక్క ముక్క అనేస్తే పోయేది. గుర్తులేదు అన్నాడు, దాంతో అయిపోయింది.

ఇంజను ఖర్చు షెడ్డే పెట్టుకుంటుందని అన్నయ్య ఒప్పుకున్నాడు. నీళ్ళాయన కాస్త చల్లబడ్డాడు గాని, పోతూ పోతూ ఒక మెలిక పెట్టాడు. "ఈయన చెయ్యి మాత్రం నా బండి మీద పడటానికి వీల్లేదు."

అన్నయ్య సరేనన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం షట్టరు దించుతూ, చెల్లెలి వంక చూడకుండా, "ఎలాగూ ఇంకో ఫిట్టరు కావాలనుకుంటున్నా. ఒకతను ఉన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నా," అన్నాడు. "బావ కొన్నాళ్ళు కడుగుడు తొట్టి దగ్గర ఉంటాడు. ఇంజన్ల జోలికి వద్దులే."

"కొన్నాళ్ళంటే?"

"చూద్దాం చిన్నీ. జనం మరిచిపోవాలిగా."

కడుగుడు తొట్టి అంటే కిరసనాయిల్లో జిడ్డు సామాన్లు బ్రష్‌తో రుద్దే చోటు. పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళను మొదట కూర్చోబెట్టేది అక్కడే.

ఆ సాయంత్రం అక్కకు భర్త మీద జాలి వేసిందా అంటే, వెయ్యలేదు. ఒళ్ళు మండింది. అన్నయ్య ముందు తల కొట్టేసినట్టయింది. పుట్టింటి వాళ్ళ దగ్గర మొగుడు మాట పడితే ఆ మాట సగం తనకే తగులుతుంది. కంచం పెడుతూ ఆపుకోలేక అనేసింది.

"అంత చిన్న క్లాంపు బిగించడం కూడా మరిచిపోతారా?"

అతను తలెత్తలేదు. "మరిచిపోయానో లేదో కూడా తెలియట్లేదు."

"తెలియకపోవడమేంటి? చేసిన పని మనకు తెలీదూ?"

"తెలియాలి," అన్నాడు, ఒప్పుకుంటున్నట్టుగా.

భోజనం అయ్యాక లేచి వెళ్ళి కుళాయి కట్టేసి ఉందా లేదా అని చూసొచ్చాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి గ్యాస్ పొయ్యి మీటలు తడిమి చూశాడు. పొద్దున్న ఇద్దరూ బయల్దేరి వీధి మలుపు దాకా వచ్చాక, "తాళం వేశానా?" అని ఆగిపోయాడు.

"వేశారు. నేను చూశాను."

"ఒక్క నిమిషం," అని వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసి, తిరిగి పరుగులాంటి నడకతో వచ్చాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ తర్వాత కూడా అదే తంతు అయ్యేసరికి విసుగొచ్చింది. అది కూడా దాచుకోలేదు. "ఇదే శ్రద్ధ క్లాంపు మీద పెడితే పోయేదిగా," అంది. అతను చెప్పులు చూసుకుంటూ నడిచాడు.

షెడ్డులో తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని సామాన్లు రుద్దుతున్నాడు. పీటకు అతని కాళ్ళు పొడుగైపోయాయి, మోకాళ్ళు గడ్డం దాకా వస్తున్నాయి. వచ్చేపోయే వాళ్ళు అలవాటు కొద్దీ, "ఏం ఫిట్టరుగారూ, ఈ చప్పుడేంటో కాస్త చూడండి," అంటారు. అతను కిరసనాయిలు చేతులతో లేవబోతాడు, లేవబోయి కూర్చుంటాడు. "బావనడగండి," అంటాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పడంలో ఆ వీధిలో అతని తర్వాతే ఎవరైనా. ఇప్పుడు చప్పుడు వినపడకుండా బ్రష్ గట్టిగా రుద్దుతున్నాడు.

శనివారం పొద్దున అక్క బెంచి మీదికి ఇంకో సెట్టు వచ్చింది. ఇవి సరికొత్తవి, అట్టపెట్టెల్లో నుంచి అప్పుడే తీసినవి. పెట్టె మీద వాటి లెక్క అచ్చువేసి ఉంది, పౌండ్లలోనే, ఇరవై నాలుగని. అయినా బెంచి మీద చూడకుండా ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు. బిగించి మీట నొక్కింది. గొట్టాల్లో నూనె రెండు వందల యాభై రెండు దగ్గర ఆగింది. మనసులో భాగించుకుంది. ముప్పై మూడున్నర పైన. కేకెయ్యడానికి గుక్క పీల్చుకుంది కూడా.

అప్పుడు పెట్టె కళ్ళబడింది.

ఇరవై నాలుగు చిమ్మాల్సిన కొత్త సరుకు ముప్పై మూడు ఎలా చిమ్ముతుంది? అరిగినవి తక్కువ చిమ్మడం చూసిందిగాని, కొత్తవి ఇంత ఎక్కువ చిమ్మడం ఎక్కడా చూడలేదు. అనుమానం గొట్టాల మీదికి పోయింది. గీతలు తప్పు పడ్డాయేమో. తిట్టుకుంటూ కాటా మీది గుడ్డ లాగేసింది. గ్లాసులు పెట్టి, నూనె పట్టి, ముల్లు ఊగకుండా చెయ్యి అడ్డం పెట్టి తూచింది. నూట ఎనభై గ్రాములు. ఏడున్నరతో భాగిస్తే ఇరవై నాలుగు. సరిగ్గా పెట్టె మీది లెక్కే.

"చూశావా, గొట్టాలదే తప్పు," అని పైకే అనుకుంది. అనుకుని, గొట్టం వంక చూస్తూ మళ్ళీ భాగించింది, ఈసారి నెమ్మదిగా, పెదాలు కదుపుతూ. రెండు వందల యాభై రెండును ఏడున్నరతో...

గొట్టానికి ఏడున్నరేమిటి? గొట్టానికి పదిన్నర కదూ.

మొదట నవ్వొచ్చింది. ఎంతలా అలవాటు పడిపోయింది ఆ కాటాకు! నాలుక కరుచుకుంది. పదిన్నరతో భాగిస్తే చక్కగా ఇరవై నాలుగు వచ్చింది. గొట్టమూ నిజమే చెప్పింది, కాటా కూడా నిజమే చెప్పింది. "ఇరవై నాలుగూ!" అని కేకేసింది. "ఇరవై నాలుగూ!" అన్నాడు అన్నయ్య.

ఆ కేక చెవిలో ఇంకా ఉండగానే, ఇంకో కేక గుర్తొచ్చింది. కొత్త గొట్టాలు బిగించిన రోజు వేసిన మొదటి కేక. నాలుగూ ఒక్క గీత మీద నిలబడ్డాయని ముచ్చటపడింది కూడా గుర్తుంది. రెండు వందల డెబ్బై. ముప్పై ఆరు. దేనితో భాగించిందో గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. కాని ముప్పై ఆరు ఏడున్నరతోనే వస్తుంది. పదిన్నరతో అయితే ఇరవై ఆరు కూడా నిండదు.

ముప్పై ఆరని చెబితే కంప్యూటరు ఏమనుకుంటుంది? ఇవి పెద్దవి, బాగా చిమ్ముతాయి, కాసేపు తెరిస్తే చాలు అనుకుంటుంది. నిదానంగా పోయేటప్పుడు ఎలాగో సర్దుకుంటుంది. లోడుతో ఎత్తెక్కితే పెట్రోలు చాలదు. వేడెక్కుతుంది. వెనక్కి, గాలి పైపులోకే పేలుతుంది. వెనక్కి పేలితే గాలి పైపు ఎంత బిగించి ఉన్నా ఎగిరి ఊడుతుంది.

పైపు ఊడి పేలలేదు. పేలి పైపు ఊడింది.

తొట్టి దగ్గర బ్రష్ చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. అక్క అటు చూడలేకపోయింది.

కంప్రెసరు ఆపిన వేళ చూసి అన్నయ్య గదిలోకి వెళ్ళింది. గదంటే అద్దాల తడిక. చెప్పింది విని అన్నయ్య లాప్‌టాప్ తెరిచాడు, ఆ ముప్పై ఆరును చూశాడు, మూసేశాడు. చాలాసేపు బల్ల మీది బోల్టునొకదాన్ని దొర్లించాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. ఆయనక్కూడా చెప్పలేదు. ముందు నీకే."

"మంచిపని చేశావు. చెప్పకు."

ఆమెకు అర్థం కాలేదు. "చెప్పకపోతే ఎలా? తప్పు నాదైతే ఆయన తొట్టి దగ్గర..."

"విను చిన్నీ." అన్నయ్య గొంతు తగ్గించాడు. "ఫిట్టరు తప్పు చేస్తే అది ఒక మనిషి తప్పు. బెంచి తప్పు చెబితే అది షెడ్డు తప్పు. ఈ వీధంతా నీ కేక నమ్ముకుని పనిచేస్తోంది. ఒక్కసారి నమ్మకం పోయిందా, రేపు ఎవడి ఇంజను దగ్గినా మన గుమ్మం మీదికే వస్తారు. అప్పుడు బావకూ పనుండదు, నీకూ ఉండదు, నాకూ ఉండదు. బావకేం, ఇంట్లో మనిషి. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది."

"సోమవారం కొత్త ఫిట్టరు వస్తున్నాడుగా."

"రానీ." ఆమె మొహం చూసి, ఇంకాస్త మెత్తగా అన్నాడు. "నీళ్ళాయన వ్యాను సోమవారానికి తయారవుతుంది. ఆ ఇంజెక్టర్లు కడిగి మళ్ళీ బెంచికెక్కిస్తావుగా, అప్పుడు కేకెయ్యకు. మెల్లిగా వచ్చి నా చెవిలో వెయ్యి. నేను మార్చేస్తా. మూడో కంటికి తెలియదు."

అన్నయ్య చెడ్డవాడు కాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ ఇంజను ఖర్చంతా తన నెత్తినేసుకున్నాడు, ఒక్క మాట దెప్పలేదు. అందుకే ఎదురు చెప్పలేక బయటికొచ్చింది.

ఇంటికెళ్ళాక మాత్రం దాచలేకపోయింది. అతను చేతుల జిడ్డు వదిలించుకోవడానికి సబ్బుతో రుద్దుకుంటున్నాడు. వెనకే నిలబడి, గొట్టాలూ, కాటా, పదిన్నర, ఏడున్నర, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అన్నయ్య అన్న మాటలు కూడా దాచలేదు. చెప్పి, ఇంక అరుస్తాడు, అరవాలి, అరిస్తే బాగుండును అనుకుంటూ నిలబడింది.

అతను కుళాయి కట్టేశాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయితే నేను బిగించానన్నమాట," అన్నాడు.

ఆమె తలూపింది.

"బిగించాను," అని మళ్ళీ అన్నాడు, ఎవరో దూరపు చుట్టం క్షేమంగా చేరాడని కబురు విన్నట్టు. తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆ పూట ఆకలిగా తిన్నాడు. మధ్యలో ఒకసారి, "బావ చెప్పిందీ నిజమే. బెంచి మాట పోతే కష్టం," అన్నాడు. "నాకు తెలిసింది, చాలు. నువ్వేం పెట్టుకోకు మనసులో."

తిట్టినా ఆమెకు అంత బాధ ఉండేది కాదు. 'ఇదే శ్రద్ధ క్లాంపు మీద పెడితే' అన్న తన మాటే తనకు గుచ్చుకుంది. ఆదివారమంతా ఇల్లు సర్దుతూనే ఉంది. సర్దిందే సర్దింది. అతను ఆ రోజు కుళాయి దగ్గరికి లేచి వెళ్ళలేదు. పోనీలే, బాగుపడ్డాడు అనుకుంది. కాని సాయంత్రం బజారుకు బయల్దేరినప్పుడు మలుపు దగ్గర మళ్ళీ ఆగాడు. "నువ్వు పద, నేను ఒక్కసారి తాళం..." అంటూ వెనక్కి తిరిగాడు.

అప్పుడు నిశ్చయించుకుంది.

సోమవారం షెడ్డు నిండా మనుషులే. కొత్త ఫిట్టరు ఉతికిన బట్టలతో, సొంత పనిముట్ల సంచితో వచ్చి వ్యాను పక్కన నిలబడ్డాడు. నీళ్ళాయన చేతులు కట్టుకుని కాపలా కాస్తున్నాడు. పక్క షెడ్ల వాళ్ళు ఇద్దరు ముగ్గురు తమ ఇంజెక్టర్లు కొలిపించుకోవడానికి వచ్చి బెంచి దగ్గర వరసలో ఉన్నారు. తొట్టి దగ్గర ఆమె భర్త వీపు కనిపిస్తోంది.

వ్యాను ఇంజెక్టర్లు బెంచికెక్కించింది. మీట నొక్కింది. నూనె సమంగా లేచి, సమంగా ఆగింది. అన్నయ్య లాప్‌టాప్ ముందు నుంచి ఆమె వంకే చూస్తున్నాడు, లేచి రమ్మన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆమె లేవలేదు. రెండు చేతులూ బెంచి మీద ఆనించి గుక్క పీల్చుకుంది.

"రెండు వందల డెబ్బై! పదిన్నరతో భాగిస్తే ఇరవై ఆరూ!"

అన్నయ్య నుంచి తిరుగు కేక రాలేదు. బదులు రాని కేక ఆ షెడ్డులో అదే మొదటిది. కంప్రెసరు దానంతటది కటక్కున ఆగింది. ఆమె గొంతు మాత్రం అదే స్థాయిలో ఉంది.

"మొన్న ముప్పై ఆరన్నాను! అది తప్పు! గొట్టానికి పదిన్నర, తూకానికి ఏడున్నర. నేను గొట్టం చూసి ఏడున్నరతో భాగించాను. ఇంజను కాలింది నా కేకకు. పైపు బిగించే ఉంది. పేలితే ఊడింది."

బ్రష్ చప్పుడు ఆగింది. వరసలో ఉన్న వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నీళ్ళాయన కట్టుకున్న చేతులు విప్పి బెంచి దాకా వచ్చాడు.

"అంటే ఏంటక్కా? కాస్త అర్థమయ్యేలా చెప్పు."

ఆమె చెప్పింది. గ్లాసు చూపించింది, గొట్టం చూపించింది, ఒకే నూనె తూస్తే ఎంతో, కొలిస్తే ఎంతో పక్కపక్కన పెట్టి చూపించింది. బెంచికి ఆనుకుని నిలబడింది. ఇంక తిట్లు పడతాయి, పడనీ అనుకుంది.

నీళ్ళాయన గొట్టం వంక చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! లెక్క తప్పావా! మా క్యాన్ల లెక్క రోజూ తప్పుతూనే ఉంటుంది తల్లీ. అంకెలన్నాక ఒకటి అటూ ఇటూ అవదూ?"

వరసలో ఒకాయన, "తూకాలక్కకు కాటా గాలి సోకింది," అన్నాడు. ఇంకొకాయన, "ఏడున్నర శని పట్టిందక్కా నీకు," అన్నాడు. అందరూ నవ్వారు. ఊపిరి బిగబట్టి ఉన్న అన్నయ్య కూడా, బతికిపోయామన్నట్టు, అందరికంటే గట్టిగా నవ్వాడు. "మనిషన్నాక పొరపాటు సహజం!" అన్నాడు. "ఇరవై ఆరూ!" అని ఆలస్యంగా తిరుగు కేక వేసి నొక్కాడు. వరసలో నుంచి ఒక్కరు కూడా వెళ్ళిపోలేదు. తన ఇంజెక్టర్లు ముందు చూడమంటే తనవి ముందు చూడమని గొడవ పడుతున్నారు.

ఆమె ఒక్కతే నవ్వలేదు. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదని చెప్పడం కష్టం. తన పొరపాటు మనిషన్నాక సహజమైంది, ఒక నవ్వుతో గాలికి కొట్టుకుపోయింది. చెయ్యని పొరపాటుకు అతన్ని తొట్టి ముందు కూర్చోబెట్టినప్పుడు ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. తన నోట కూడా రాలేదు.

"మరి ఆయన సంగతి?" అంది.

నవ్వులు తగ్గాయి. అన్నయ్య కాస్త ఇబ్బందిగా కదిలి, "ఏముంది, బావా, రా మరి," అన్నాడు తొట్టి వైపు తిరిగి. "నీ బండి నువ్వే చూసుకో. కొత్తాయన ఆ పక్క కారు విప్పుతాడు." నీళ్ళాయన కూడా పెద్దమనసు చేసుకున్నట్టు, "కానివ్వండి, కానివ్వండి," అన్నాడు. ఆ నవ్వులో ఎక్కడా క్షమించమన్న మాట లేదు, అది ఉండాలని వాళ్ళెవరికీ తోచలేదు.

ఫిట్టరు లేచాడు. చేతులు తుడుచుకుని వ్యాను దగ్గరికొచ్చాడు. ఇంజెక్టర్లు కూర్చోబెట్టాడు, వైర్లు తగిలించాడు, గాలి పైపు ఎక్కించాడు. క్లాంపు వేసి స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. చెయ్యి వెనకటిలాగే, మణికట్టు దగ్గర రెండు మెలికలు. అక్క బెంచి దగ్గర నుంచి చూస్తూనే ఉంది. గండం గడిచిందనుకుంది.

అతను బానెట్ దించబోయి ఆగాడు. మళ్ళీ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాడు. తిరగలేదు. తిరగడానికి ఇంక మెలిక లేదు. నడుము నిటారుగా చేసుకుని, అటూ ఇటూ చూసి, ఎవరికీ కనపడకుండా ఆమెను చేత్తో పిలిచాడు.

"ఒక్కసారి చూడవా?"

"బిగించారు. నేను చూశాను."

"అక్కడినుంచి కనపడదు. చెయ్యి పెట్టి చూడు."

ఆమె వెళ్ళింది. క్లాంపు మీద బొటనవేలు పెట్టి నొక్కి, పైపును రెండు పక్కలకూ లాగింది. కదలలేదు.

"బిగించారు," అంది.

అతను బానెట్ దించాడు.

వ్యాను వెళ్ళిపోయింది. ఈసారి ఎత్తులన్నీ ఎక్కుతూ సుబ్బరంగా తిరుగుతోందని నీళ్ళాయనే వచ్చి చెప్పాడు. ఆమెకు తూకాలక్క పోయి ఏడున్నరక్క అని పేరొచ్చింది. ఎవరైనా అలా పిలిస్తే పలుకుతుంది కూడా. బెంచి దగ్గర వరస తగ్గలేదు. కేకలూ ఆగలేదు, కాకపోతే ఇప్పుడు సీసీలు ఒక కేక, పౌండ్లు ఇంకో కేక. తప్పుంటే విన్నవాళ్ళు పట్టుకుంటారని ఆమే పెట్టిన పద్ధతి. కొత్త ఫిట్టరు కూడా ఉండిపోయాడు, ఇద్దరికీ సరిపడా పనుంది. కడుగుడు తొట్టి దగ్గర పీట ఖాళీగా ఉంది.

అందరూ అన్నీ మరిచిపోయారు. అన్నయ్య చెప్పినట్టే సర్దుకుంది.

అతను మాత్రం ఏ ఇంజను ముగించినా, బానెట్ దించే ముందు బెంచి వైపు చూస్తాడు. ఇప్పుడు పిలవను కూడా పిలవడు. ఆమె గొట్టాల మీద ఎన్ని సీసీలున్నా అలాగే వదిలేసి, చేతులు తుడుచుకుని లేస్తుంది. వెళ్ళి బొటనవేలు పెట్టి నొక్కుతుంది. ఒక్కటీ వదులుగా ఉండగా ఇంతవరకూ చూడలేదు, ఇకముందు చూడదనీ ఆమెకు తెలుసు.

"బిగించారు," అంటుంది.